పురుగుని అడిగి నాటిన తోట

ఆగస్టు 3

పిన్నీ,

నీకు ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోతే సిగ్గేసింది. అందుకని లెక్క మానేశాను. అవసరం పడితే గానీ నేను గుర్తు రాలేదా అని తిడతావు. తిట్టు. నిజంగానే అవసరం పడింది.

మాకు దానిమ్మ తోట ఉందని అమ్మ చెప్పే ఉంటుంది. ఆరేళ్ళ కిందట నేనూ మీ అల్లుడూ చేతులారా నాటాం. ఇల్లు తోట మధ్యలోనే. వంటింటి కిటికీ తీస్తే కొమ్మ లోపలికి వస్తుంది. రెండేళ్ళుగా కాయ తొలిచే పురుగు పట్టుకుంది. పైకి కాయ నిగనిగలాడుతుంది, కోస్తే లోపలంతా కుళ్ళు. మందు కొట్టాం. తగ్గలేదని ఇంకా ఘాటు మందు కొట్టాం. గోరుచుట్టు మీద రోకటిపోటులా, జూలైలో మందు కొట్టిన మర్నాడు పాపకి ఊపిరి అందలేదు. ఆరేళ్ళ పిల్ల. పెదవులు రంగు మారిపోయాయి. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరమ్మ ఒకటే చెప్పింది: ఆ ఇంటి చుట్టూ ఇంకోసారి మందు కొట్టేటట్టయితే పిల్లని అక్కడ ఉంచకండి.

మీ అల్లుడు చెట్లన్నీ పీకేసి, టౌనులో పాత లేత్ షాపులో మళ్ళీ చేరతానంటున్నాడు. ఆయన్ని తప్పుపట్టను. కానీ నేను దుకాణాల పైన అద్దె గదుల్లో పెరిగినదాన్ని. తలుపు తీస్తే నా చెట్టు నాకు కనబడింది ఈ ఆరేళ్ళే. ఒక్క అవకాశం ఇమ్మన్నాను. మందు అక్కర్లేని రకం దొరికితే మళ్ళీ నాటుదాం, దొరక్కపోతే ఇల్లూ తోటా వదిలి పోదాం. చలికాలం లోపు తాడో పేడో తేల్చు అన్నాడు.

నర్సరీలవాళ్ళని అడిగితే, ఎవరి మొక్కకి వాళ్ళే పురుగు రానే రాదంటున్నారు. నువ్వు పళ్ళ పరిశోధన తోటలో, పురుగుల గదిలో ముప్పై ఏళ్ళు పనిచేశావు. చిన్నప్పుడు మేమంతా నిన్ను పురుగుల పిన్ని అని ఏడిపించేవాళ్ళం. ఇప్పుడు ఆ పురుగుల పిన్నే దిక్కయింది. చెప్పు, పురుగు తినని దానిమ్మ ఏది?

నీ అక్క కూతురు

&nbsp;

ఆగస్టు 14

పిల్లా,

నేనెందుకు తిడతాను? ముప్పై ఏళ్ళు నా దగ్గరికి వచ్చినవాళ్ళందరూ అవసరానికే వచ్చారు, పురుగులతో సహా.

పాప సంగతి చదివాను. ఇప్పుడెలా ఉందో ముందు అది రాయి, తరవాతే దానిమ్మ.

పురుగు తినని దానిమ్మ లేదు. ఉందని ఎవడైనా అంటే వాడు అమ్ముకునేవాడు. తొక్క మందంగా ఉండి పురుగు విసుగెత్తి పోయే రకాలున్నాయి. కాయ చివర కిరీటం ముడుచుకుని ఉండి గుడ్డు పెట్టడానికి చోటివ్వని రకాలున్నాయి. తిన్న పురుగుకి కడుపునొప్పి తెప్పించే రకాలూ ఉన్నాయి. నేను రిటైరైనప్పుడు నాలుగు రకాల కొమ్మ పుల్లలు తెచ్చి పెరట్లో నాటుకున్నాను. వాటి కాయలే బస్సు పార్సిల్లో ఒక బుట్టెడు పంపుతున్నాను, రకానికి ఆరు. తొడిమకి దారం కట్టాను: తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు.

మా దగ్గర ఏది గెలిచిందో చెప్పను. చెబితే నీ కళ్ళకి అదే కనబడుతుంది. మా గదిలో ఇదే పద్ధతి, పెద్ద ఆఫీసరు వచ్చినా దారం రంగు తప్ప రకం పేరు చెప్పేదాన్ని కాదు. పైగా మా దగ్గరి పురుగు మాట మీ దగ్గరి పురుగు వినాలని రూలేం లేదు. నన్ను అడక్కు, నర్సరీవాడిని అడక్కు. నీ పురుగునే అడుగు.

ఎలాగంటే, మీ తోటలో చెడిన కాయలు కోసి సన్న పురుగుల్ని ఏరు. గోరంచు కన్నా పెద్దవి వద్దు. వెడల్పు మూతి సీసాలో అడుగున ఇసక పోసి, కాయ పెట్టి, ఒక్కో కాయ మీద రెండేసి పురుగులు వదిలి, పల్చటి గుడ్డ కట్టు. పన్నెండు రోజులయ్యాక కాయ కోసి, బతికి ఉన్నవి ఎన్నో రాసుకో. రకానికి ఆరు కాయలు, పన్నెండు పురుగులు. ఎక్కడ ఎక్కువ చస్తే ఆ దారం చెట్టు నీది. పుల్లలు నేను కోసి పంపుతాను.

చెయ్యి కడుక్కుని రాయి. ఉత్తరానికి ఆ వాసన అంటితే పోస్టుమాన్ నన్ను తిడతాడు.

పురుగుల పిన్ని

&nbsp;

ఆగస్టు 30

పిన్నీ,

బుట్ట భద్రంగా అందింది. ఒక్క కాయ నలగలేదు. పాప బాగానే ఉంది, రోజుకి రెండుసార్లు ఆవిరి మాస్క్ పెట్టాలి. మాస్క్ పెట్టుకుని అద్దంలో చూసుకుని ఏనుగునంటుంది.

నువ్వు చెప్పినట్టే చేశాను. పన్నెండేసి పురుగుల్లో బతికినవి ఇవీ: తెలుపు తొమ్మిది, పసుపు పది, నలుపు ఎనిమిది, ఎరుపు ఒకటి. మీ అల్లుడికి చెబితే మొహం వెలిగింది. అప్పుడే పాత చెట్లు పీకి గుంటలు తవ్వడం మొదలుపెట్టాడు. ఎర్ర దారం పుల్లలే పంపు పిన్నీ, రెండు వందలైతే చాలు.

ఇక్కడ వానలు బాగా పడుతున్నాయి. పాప బడికి గొడుగు కొన్నాం, రెండోరోజే పోగొట్టుకుంది. నీ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది?

నీ మేలు మరిచిపోను.

నీ అక్క కూతురు

&nbsp;

సెప్టెంబర్ 10

నా తల్లీ,

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే రెండు బస్సులు మారి పరిశోధన తోటకి వెళ్ళాను. ఎందుకో చెబితే నవ్వుతావు. అక్కడ పెద్ద రిజిస్టరు ఒకటుంది, రకానికో పేజీ. ఎర్ర దారం రకం పేజీలో ఇరవై రెండేళ్ళ కిందట నేను చూసి చెబితే రాసిన మాట: పురుగుకు మిక్కిలి ఇష్టం. మా దగ్గర ఆ కాయ మీద పన్నెండు వదిలితే పన్నెండూ బలిసేవి. నీ దగ్గర పదకొండు చచ్చాయంటే మీ వైపు పురుగు తీరే వేరన్నమాట. ఇప్పుడున్న ఆఫీసరమ్మకి నీ ఉత్తరం చూపించి, నా మాట అన్నిచోట్లా చెల్లదు, సరిచెయ్యమన్నాను. ఆవిడ ఎర్ర సిరాతో గీత గీసి, పక్కన నీ లెక్క ఎక్కించింది. తప్పయిందని ఒప్పుకోవడం ఇంత సుఖంగా ఉంటుందని నాకు తెలియదు.

పుల్లలు కోశాను. ఒకే చెట్టు నుంచి రెండు వందలు కొయ్యాలంటే కొమ్మ మిగల్లేదు. పెరట్లో అది గుండు చేయించుకున్నట్టు నిలబడింది. పోనీ, దాని పిల్లలు మీ ఇంట్లో పెరుగుతాయి.

ఇంకో సంగతి. మన బంధువుల్లో నా చేతి మంచినీళ్ళు తాగడానికి వెనకాడినవాళ్ళున్నారు, ఆ చెయ్యి పురుగుల్ని పట్టుకుంటుందని. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల కూర్చుని నలభై ఎనిమిది పురుగుల్ని ఏరిందంటే, పన్నెండు రోజులు వాటికి కాపలా కాసిందంటే, నాకు కడుపు నిండిపోయింది. నా పని మన ఇంట్లో ఇంకొకరికి చేతనయింది. నీకే నేను కృతజ్ఞతలు చెప్పాలి.

అల్లుణ్ణి గుంటల్లో మాగిన ఎరువే వెయ్యమను.

నీ పిన్ని

&nbsp;

సెప్టెంబర్ 19

పిన్నీ,

పుల్లలు వచ్చాయి. తడి గోనెలో చుట్టి వరండాలో పెట్టాను. నీ ఉత్తరం చేతిలో ఉంది. మింగలేక కక్కలేక నాలుగు రోజులు తిరిగాను. ఇక చెప్పేస్తాను.

నేను ఏ పరీక్షా చెయ్యలేదు.

చెడిన కాయలు బకెట్ నిండా ఏరుకొచ్చి మొదటిది కోశాను. పురుగు నా మణికట్టు మీద పడింది. మెత్తగా, చల్లగా. దాన్ని చూస్తే ఆసుపత్రి మంచమే కనబడింది. నా పిల్ల ఊపిరి మీదికి తెచ్చిన ప్రాణిని నేను తిండి పెట్టి పెంచాలా అనిపించింది. బకెట్ విసిరేశాను. తరవాత మీ అల్లుడితో చెప్పి తోటలో కాయలన్నీ రాల్పించి, గొయ్యి తవ్వి పూడ్పించాను. నీ బుట్ట వంటింట్లో అలాగే ఉండిపోయింది. ఒకరోజు పాప ఎర్ర దారం కాయ పగలగొట్టి తిని, ఇదే బాగుందమ్మా అంది. మిగతావి వగరుగా, పుల్లగా ఉన్నాయి. రుచిగా కాసేదే మంచి చెట్టవుతుందిలే అనుకున్నాను. వంటింటి బల్ల దగ్గర కూర్చుని అంకెలు రాసేశాను. నువ్వు ఊరికే ఉబ్బిపోయి పుల్లలు పంపుతావనుకున్నాను గానీ రెండు బస్సులెక్కి వెళ్ళి నీ మాట నువ్వే కొట్టేయించుకుంటావని అనుకోలేదు.

మీ అల్లుడికి నిన్ననే చెప్పాను. గుంట తవ్వుతున్నవాడు పార కింద పెట్టి, పిన్నికి రాశావా అని ఒక్కటే అడిగాడు. ఇదిగో రాస్తున్నాను.

ఆ చెట్లే నాటి ఉంటే మూడేళ్ళకి మళ్ళీ ఇదే పురుగు, మళ్ళీ మందు, మళ్ళీ ఆ మంచం. నా పిల్లనే పణం పెట్టి అబద్ధమాడాను. నన్ను క్షమించమని అడగడానికి నోరు రావట్లేదు.

నీ అక్క కూతురు

&nbsp;

సెప్టెంబర్ 29

పిల్లా,

చదివాను. రెండు రోజులు కలం ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఏం రాస్తానో నాకే భయమేసింది.

మూడో రోజు మళ్ళీ రెండు బస్సులెక్కాను. ఆఫీసరమ్మ ముందు నిలబడి, ఆ లెక్క తప్పు, మా పిల్ల చూడకుండా రాసింది, నేను అడక్కుండా నమ్మాను అని చెప్పాను. ఆవిడ నీ లెక్క కొట్టేసి నా పాత మాట మళ్ళీ రాసింది. ఆ పేజీ ఇప్పుడు పిల్లలు గీతలు గీసినట్టుంది. తిరుగు బస్సులో మాత్రం నా మీద నాకే కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు ఏ ఆఫీసరు లెక్కకీ ఊరికే తలూపని దాన్ని. పన్నెండులో ఒకటి అంటే, ఎన్ని రోజులకి కోశావు, చచ్చినవి లోపలా బయటా అని అడగాలి కదా. అడగలేదు. మన ఇంట్లో నాకు తోడొకరు దొరికారన్న సంతోషంలో కళ్ళు మూసుకున్నాను.

ఇంకో తప్పు కూడా నాదే. పురుగుల గదిలో మొదటిరోజు నేను మూడుసార్లు వాంతి చేసుకున్నాను. నెల్లాళ్ళు అన్నం ముద్దలో కూడా పురుగే కనబడేది. ఆ సంగతి మరిచిపోయి, ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చిన తల్లికి పురుగుల్ని ఏరుకో అని చీటీ రాసినట్టు రాసేశాను.

నువ్వు చెప్పకుండా నాటేసి ఉంటే మూడేళ్ళు నాకు తెలిసేది కాదు. చెప్పావు. అందుకు సంతోషం. కోపం కూడా ఉంది, అది ఇంకో నెలకి పోతుంది.

ఈ ఏడాదికి చివరి కాయలు పంపుతున్నాను. ఎర్ర దారం చెట్టుకి గుండు అయింది కాబట్టి దాని కాయలు పరిశోధన తోట నుంచి అడిగి తెచ్చాను. మిగతా మూడింటిలో ఏది గెలిచిందో ఇప్పుడు కూడా చెప్పను. చేతికి పాత సాక్సు తొడుక్కో, పురుగుని చిన్న బ్రష్షుతో ఎత్తు. ముక్కు దగ్గర నిమ్మతొక్క పెట్టుకో. ముందు ఒక పురుగుని ఊరికే చూడు, ఏమీ చెయ్యకు. అది కాయలోకి దూరాక వెనక భాగంతో రంధ్రం మూసుకుంటుంది, మనం తలుపు వేసుకున్నట్టు. అది చూశాక నాకు దాని మీద అసహ్యం సగం తగ్గింది.

చెయ్యలేకపోతే చెయ్యలేనని రాయి. అదీ ఒక లెక్కే.

పిన్ని

&nbsp;

అక్టోబర్ 20

పిన్నీ,

చేశాను. ఈసారి నువ్వు అడగబోయేవన్నీ ముందే రాస్తున్నాను.

మా చెడిన కాయలు పూడ్చేశాను కదా, పురుగులు లేవు. పక్క తోట పెద్దాయన దగ్గరికి వెళ్ళి మీ పురుగులు కొన్ని ఇస్తారా అంటే, నా మొహం ఎగాదిగా చూసి, కొన్నేంటమ్మా, అన్నీ తీసుకెళ్ళు అని బకెట్ నింపి ఇచ్చాడు. చేతికి సాక్సులు, ముక్కు కింద నిమ్మతొక్క. మొదటి రోజు మూడు పురుగులు ఎత్తి లేచిపోయాను. రెండో రోజు పదకొండు. మీ అల్లుడు సాయం చేస్తానని వచ్చి, వాసనకి నాకన్నా ముందే బయటికి పరుగెత్తాడు. ఆయన లేత్ షాపులో ఇనుము కోసిన మనిషి, ఇక్కడ మాత్రం పనికిరాలేదు.

పనికొచ్చింది పాప. గుమ్మం దగ్గర కూర్చుని చూస్తూ చూస్తూ నా పక్కకి చేరింది. నువ్వు రాసిన తలుపు సంగతి ముందు తనే కనిపెట్టింది. అమ్మా, అది ఇంట్లోకి వెళ్ళి గడియ పెట్టుకుంది అంది. ఆ మాటతో నాకు నవ్వొచ్చింది. పురుగుని చూసి నవ్వడం ఈ రెండేళ్ళలో అదే మొదలు.

పన్నెండో రోజు పొద్దున కోశాం. ఎరుపులో పన్నెండూ బతికాయి, బలిశాయి. తెలుపులో పదకొండు. పసుపులో తొమ్మిది బతికాయి, మూడు లోపలే చచ్చాయి. నలుపులో బతికింది ఒకటి, అదీ చీపురుపుల్లంత సన్నంగా. తొమ్మిది తొక్క తొలవలేక ఇసకలో చచ్చి పడున్నాయి. ఒకటి తొక్క సగం తొలిచి ఆగిపోయింది. ఒకటి ఎక్కడుందో తెలియదు. సీసా, ఇసక, గుడ్డ అన్నీ వెతికాను. దొరకలేదని రాసుకున్నాను. మర్నాడు మీ అల్లుడి తువ్వాలు మీద దొరికింది. అది ఆ పురుగో కాదో నేను ప్రమాణం చెయ్యలేను కాబట్టి లెక్కలో మార్చలేదు.

నల్ల దారం కాయ రుచి చూశాం. పుల్లగా ఉంది. పురుగే వద్దన్నది మనుషులు కొంటారా అని మీ అల్లుడు అడుగుతున్నాడు. నాకు జవాబు తెలియదు. నువ్వు చెప్పేదాకా ఒక్క పుల్ల కూడా నాటను.

నీ అక్క కూతురు

&nbsp;

నవంబర్ 2

నా తల్లీ,

తెలియదని ఒకచోట, దొరకలేదని ఒకచోట రాశావు చూడు, అక్కడ నాకు నమ్మకం కుదిరింది. మా గదిలో ఏ రోజూ లెక్క మొత్తం కుదిరేది కాదు, ఒకటో రెండో ఎవరి కాలరు మీదో బస్సెక్కి పోయేవి.

మా దగ్గరా నల్ల దారమే గెలిచింది. మీ పురుగూ మా పురుగూ ఒక్కమాట మీదే ఉన్నాయి. నీ ఉత్తరం ఆఫీసరమ్మకి చూపించాను. మళ్ళీ మీ పిల్లేనా అని కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివింది. నల్ల దారం పేజీలో నీ లెక్క ఎక్కించి, పరీక్షించినవారు అన్న గడిలో ఎవర్ని రాయమంటారని అడిగింది. మా అక్క కూతురు, దాని కూతురు అన్నాను. అలాగే రాసింది. నెల గడువు పెట్టిన నా కోపం అక్కడే పోయింది.

పులుపు గురించి అల్లుడికి చెప్పు. తొందరపడి కోస్తే పులుపే. తొక్క గోధుమరంగు తిరిగేదాకా చెట్టునే ఉంచితే సగం పులుపు పోతుంది. మిగతా సగం రసం తీసేవాళ్ళకి కావాలి, వాళ్ళు ఇలాంటి కాయ కోసమే తిరుగుతుంటారు. కాయ అందంగా ఉండదు. మీరు దాన్ని పెళ్ళికి తీసుకెళ్ళట్లేదు కదా.

తొమ్మిది వరసలు నలుపు నాటు. పదో వరస, ఇంటికి దూరంగా చివరన, నేను పంపిన ఎర్ర దారం పుల్లల్లో బతికినవి నాటు. పురుగుకి ఇష్టమైన తిండి అక్కడ దొరికితే ముందు అక్కడికే పోతుంది. వారం వారం ఆ కాయలు కోసి సబ్బు నీళ్ళలో ముంచెయ్యి. ఒక్క వారం బద్ధకించినా ఆ వరసే పురుగుల పుట్టిల్లవుతుంది, గుర్తుపెట్టుకో.

ఒకటి దాచకుండా చెబుతాను. నలుపుకీ పురుగు పడుతుంది. తక్కువ పడుతుంది, అంతే. చెడిన కాయ కనబడగానే కంగారుపడి మందు డబ్బా దగ్గరికి వెళ్ళకు.

పుల్లలు రేపటి బస్సులో వస్తాయి. ఇప్పుడు పెరట్లో రెండు చెట్లకి గుండ్లు.

నీ పిన్ని

&nbsp;

మూడేళ్ళ తరవాత, సెప్టెంబర్ 6

పిన్నీ,

మొదటి పెద్ద కోత అయింది. నల్ల వరసల్లో నాలుగు వందల ముప్పై ఒక్క కాయలు కోశాం. ముప్పై ఆరింటికి రంధ్రాలు. అందులో పదిహేడు పైపైనే, లోపల గింజ బాగుంది. మూడు కాయలకి అది పురుగు రంధ్రమో పిట్ట పొడిచిందో తేలలేదు, విడిగా పెట్టాను. చివరి వరస గురించి అడక్కు, పురుగులు అక్కడ కాపురాలు పెట్టాయి. మీ అల్లుడు ప్రతి ఆదివారం ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళి కోసి ముంచి వస్తాడు. ఒక్క వారం మానలేదు. ఆ పని ఆయన నాకు కూడా ఇవ్వడు.

రసం తీసేవాళ్ళు వచ్చి చూసి మొత్తం తీసుకున్నారు. వాళ్ళలో ఒకాయన కాయ మొహం చూసి, ఇంత అనాకారి కాయని ఎక్కడ పట్టుకొచ్చారమ్మా అన్నాడు. మా పిన్ని ఇచ్చిందన్నాను.

ఈ మూడేళ్ళలో మందు ఒక్కసారి కూడా కొట్టలేదు. మొదటి ఏడాది పూత మీద పురుగు చూసి మీ అల్లుడు డబ్బా దాకా వెళ్ళాడు. నీ ఉత్తరం ఇచ్చి చదవమన్నాను. చదివి, డబ్బా తీసుకెళ్ళి అమ్మినవాడికే తిరిగి ఇచ్చేసి వచ్చాడు.

పిన్నీ, నీకు కృతజ్ఞతలు చెప్పాలనే ఈ ఉత్తరం మొదలుపెట్టాను, కాయల లెక్కలో పడిపోయాను. నువ్వు నేర్పిన బుద్ధే. నా పిల్లని బతికించింది డాక్టరమ్మ. అది ఊపిరి పీల్చుకుంటూ తిరగడానికి ఇల్లు మిగిల్చింది నువ్వు. నేను అబద్ధం రాసిన రోజున నువ్వు నన్ను వదిలేసి ఉంటే నేను తప్పనలేను. వదల్లేదు. ఇంకో బుట్ట పంపావు. ఇల్లు ఊడ్చుకుంటున్నా, బట్టలారేసుకుంటున్నా ఆ సంగతి గుర్తొస్తూనే ఉంటుంది.

పాపకి తొమ్మిదేళ్ళు నిండాయి. మాస్కు అవసరం పడక ఏడాదిన్నర దాటింది. నిన్న కోత చూస్తూ చూస్తూ, పందెం అమ్మా అని తోట ఈ చివర నుంచి ఆ చివరకి పరుగు తీసింది. ఇదివరకైతే ఆగమని కేకేసేదాన్ని. నిన్న కేకెయ్యలేదు గానీ ఉండబట్టక వెనకాలే పరుగెత్తాను. తొమ్మిది వరసలు దాటేసరికి ఆయాసం వచ్చింది నాకే. చెట్టు పట్టుకుని వంగి నిలబడ్డాను. అది వెనక్కి వచ్చి, ఆసుపత్రిలో దాని వీపు నేను నిమిరినట్టే, నా వీపు నిమురుతూ, మెల్లగా పీల్చుకోమ్మా, ఏం కాదు అంది.

నీ అక్క కూతురు